బోనాల ముందు ఆఖరి బకెట్

ఆ వార్త నాకు మొదట తెచ్చింది మా మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చే అక్క. బోనాల ఆదివారం పొద్దున, నేను వాకిట్లో కూర్చుని కుండకు సున్నం బొట్లు పెడుతుంటే, చీపురు చంకలో పెట్టుకుని గేటు బయట నిలబడింది.

"దోమలక్కా, నీ చేపలు తేలినయ్."

"ఏ చేపలే?"

"ఏ చేపలంటవేంది? నువ్వు ఇడిసినయే. కాలనీల ఎన్క వాగుల. నీయే గాదు, పెద్దయి గూడ తేలినయ్. కొంగలొచ్చి నిలవడ్డయ్ గని ముడ్తలేవు."

కొంగలు ముట్టడం లేదన్న మాటకు నా చేయి ఆగిపోయింది. సగం బొట్లు పెట్టిన కుండను దేవుడి గూటి ముందు ఉంచి, "జర ఓపిక పట్టు తల్లీ" అని మైసమ్మకు చెప్పుకుని చెప్పులేసుకున్నాను. అమ్మకు చెప్పినంత సులువుగా నా మనసుకు చెప్పలేకపోయాను. ఆ రోజు మొదలైన కుదురులేనితనం ఉద్యోగం అయిపోయాక కూడా నన్ను పూర్తిగా వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

చిన్నవాళ్ళకు ముందు నా పని ఏమిటో చెప్పాలి. ఇబ్రహీంపట్నంలో మా విభాగాన్ని జనం దోమలోళ్ళు అనేవారు. ఇళ్ళలో డ్రమ్ములు, తొట్లు, కూలర్లు చూసి, దోమ పిల్లలుంటే నీళ్ళు పారబోయించడం ఒక పని. గంబూసియా అనే చిన్న చేపలను పెంచి, నీళ్ళు నిలిచే గుంటల్లో, వాగు మడుగుల్లో వదలడం రెండో పని. వేలి కణుపంత చేప అది. దోమ పిల్లలను వెతికి వెతికి తింటుంది. ఊరి చేపలకు అదే చెరుపని ఇప్పుడు కొందరు అంటున్నారు. అప్పుడు ఆ మాట మా దాకా రాలేదు. ఆఫీసు వెనక సిమెంటు తొట్టిలో వాటిని నేనే సాకాను.

నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాదు. మా మేనత్త పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని, బొగ్గుతో నేల మీద రాయించి చదువు చెప్పింది. పదో తరగతి ప్రైవేటుగా రాశాను. తిన్న ప్రతి ముద్దకూ ముందు దేవుడికి, తర్వాత ఆ అత్తకు దండం పెట్టుకునే అలవాటు ఇప్పటికీ ఉంది.

మా విభాగంలోనే పంపు వీపున వేసుకుని మోరీల్లో, అంటే మురికి కాలువల్లో, మందు కొట్టే అన్న ఒకాయన ఉండేవాడు. నేను చేపలు వదిలే మనిషిని, ఆయన మందు కొట్టే మనిషి. ఇద్దరికీ ఒకే గది, ఒకే టీ ఫ్లాస్కు. "నువ్వు సాదు, నేను సంపుత. సర్కారు ఇద్దరికీ జీతమిస్తది" అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని.

ఆ ఆదివారం వాగు దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ చాలామందే ఉన్నారు. ముందు రోజు సాయంత్రం ఆ ఏడాది మొదటి గట్టి వాన పడింది. వాన నీళ్ళు వాగులోకి దిగగానే చెరువులోని చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కి పైకి వస్తాయి. అట్లా వచ్చినవే ఇప్పుడు తెల్లటి పొట్టలు పైకి పెట్టి ఒడ్డున గడ్డికి ఆనుకుని ఉన్నాయి. పరకలు, జెల్లలు, వాటి మధ్య బియ్యం చల్లినట్టు నా చేపలు. ఒక పెద్ద కొర్రమట్ట మాత్రం ఇంకా బతికుంది. నీళ్ళపైకి నోరు తెరిచి, పక్కకు ఒరిగిపోయి, మళ్ళీ లేస్తోంది. దాని కడుపు నిండా గుడ్లు.

చేపల సంఘం పెద్దమనిషి నన్ను చూడగానే అడిగాడు. "దోమలక్కా, నువ్వు ఎర్కున్నదానివి. మందెక్కడ వడ్డదో చూసి చెప్పు."

నేను ఒడ్డు వెంట పైకి నడిచాను. కల్వర్టు దాటాక నీళ్ళలో చేపలు మంచిగా తిరుగుతున్నాయి. నా గంబూసియాలు కూడా గుంపుగా, ఏ ఫికర్ లేకుండా ఉన్నాయి. కిందికి వచ్చి చూసింది చూసినట్టే చెప్పాను. "కల్వర్టు పైన బతికున్నయ్ బాపు. కల్వర్టు కాడ్నుంచే సావు మొదలైంది."

అనగానే అక్కడున్న తలలన్నీ ఒక్కవైపే తిరిగాయి. కొంచెం ఎడంగా, వల భుజాన వేసుకుని ఒక తమ్ముడు నిలబడి ఉన్నాడు. సంఘంలో సభ్యుడే. ముందు రోజు సాయంత్రం వాన మొదలయ్యే ముందు అతన్ని కల్వర్టు మీద చూశామని ఇద్దరు ముగ్గురు అప్పటికే చెప్పారట. చేతిలో ప్లాస్టిక్ డబ్బా ఉందట.

"డబ్బాల కల్లుండె," అన్నాడు అతను. "అమ్మకు సాక పొయ్యనీకి తెస్తున్న. వానొస్తుందని జరసేపు నిలవడ్డ. అంతే."

"మీ నాయిన గూడ గట్లనే అన్నడు," అన్నారెవరో వెనక నుంచి.

అది ఆ ఊరికి పాత సంగతి. అతని తండ్రి ఒకప్పుడు మడుగులో మందు కలిపి చేపలు పట్టి దొరికాడు. సంఘం అతన్ని తీసేసింది. తీసేస్తే చెరువులో వల వేసే హక్కు పోతుంది. ఈ తమ్ముడు ఎన్నో ఏళ్ళు పెద్దల చుట్టూ తిరిగి, మళ్ళీ సభ్యత్వం తెచ్చుకున్నాడు. భార్య కల్వర్టు దగ్గరే చేపలమ్మేది. ఇంకో పని తెలియని ఇల్లు.

"బుధారం కట్ట మీద కూసుందాం," అన్నాడు పెద్దమనిషి. "మందు పెట్టినోడైతే సంఘంల ఉండేది లేదు. ఈసారి మల్ల తీసుకునుడు గూడ లేదు."

ఆ తమ్ముడు నన్ను చూశాడు. తిట్టలేదు, బతిమాలలేదు. నేను చెప్పింది నిజం. ఆ నిజం వెళ్ళి అతని మెడ మీద కూర్చుంది. ఎందుకంటే కాలనీల మోరి వచ్చి వాగులో పడేది సరిగ్గా ఆ కల్వర్టు కిందే. మందు మోరిలోంచి వచ్చినా, అతని డబ్బాలోంచి వచ్చినా, చావు అక్కడి నుంచే మొదలవుతుంది. మోరి మాట చెబుదామని నేను నోరు తెరిచేసరికి జనం సగం వెళ్ళిపోయారు. బోనాల ఆదివారం ఎవరికి తీరిక?

నీళ్ళు పరీక్షకు పంపుదామనుకున్నాను. ఇంటి నుంచి ఖాళీ చేతులతో వచ్చాను కాబట్టి మందు కొట్టే అన్నకు ఫోన్ చేసి మంచి సీసా ఒకటి తెమ్మన్నాను. పాపం, పండుగ పూట స్నానం చేసి, నుదుట పసుపు పెట్టుకున్నవాడు అట్లాగే బండి మీద వచ్చి సీసా ఇచ్చాడు. నీళ్ళు పట్టాను. మూత బిగించి, సోమవారం పొద్దున మా సారు బల్ల మీద పెట్టాను.

సారు మూత తీసి వాసన చూశాడు. కళ్ళు పెద్దవి చేసి నన్ను చూశాడు, అన్నను చూశాడు.

"సీసా ఎక్కడిదిది?"

"మన రూముల్దే సార్," అన్నాడు అన్న. "కడిగిన సార్. మస్తు కడిగిన. సర్ఫ్ ఏసి కడిగిన."

"మన రూముల మందు సీసా గాక ఇంకేం సీసాలుంటయయ్యా? ఈ నీళ్ళు పంపితే మందున్నదనే రాస్తరు. వాగుల మందు గాదు, మన మందు."

ఆ గదిలో ఖాళీ సీసా అంటే మందు సీసానే. ఇన్నేళ్ళు అక్కడే టీ తాగిన నాకు కూడా ఆ క్షణం దాకా తట్టలేదు. సారు నవ్వాడు. అన్న తల గోక్కున్నాడు. నాకు నవ్వు రాలేదు. పరుగున వాగు దగ్గరికి వెళ్ళాను కానీ, ఆదివారం సాయంత్రం మళ్ళీ వాన పడి నీళ్ళు మారిపోయాయి. చచ్చిన చేపలను మా వాళ్ళే ఎత్తి పూడ్చేశారు. కొత్త నీళ్ళు ఎర్రగా, నిమ్మళంగా పోతున్నాయి. ఏమీ జరగనట్టే ఉంది.

ఇంటికొస్తే అన్నం సహించలేదు. దీపం పెట్టాక కూర్చోలేను, లేచాక నిలబడలేను. ఆలస్యంగా ఎత్తుకెళ్ళిన బోనం అమ్మ తీసుకుందో లేదో అనే దిగులు ఒకటి. అమ్మా, ఆ వల తమ్ముడిని నువ్వు చూసుకుంటావా, నన్ను తిరగమంటావా అని అడిగాను. మరునాడు కాలనీకి బయలుదేరాను కాబట్టి జవాబు వచ్చిందనే అనుకుంటాను.

ఆ కాలనీలు అప్పుడప్పుడే నిండుతున్నాయి. కందుకూరు వైపు పొలాలమ్ముకుని వచ్చి ఇల్లు కట్టుకున్నవాళ్ళు కొందరు, పట్నంలో ఉద్యోగాలు చేస్తూ ఇక్కడ అద్దెకుండేవాళ్ళు కొందరు. నేను సందులో అడుగు పెట్టగానే ఒకామె కేకేసింది.

"దోమలక్క వచ్చిందే! డ్రమ్ముల మీద మూతలెయ్యుండ్రి!"

"డ్రమ్ముల కోసం రాలే బిడ్డా. బోనాలకు ఇల్లెట్ల కడిగిన్రో అడుగుదామని వచ్చిన."

"గదేం ప్రశ్న? నీళ్ళతోని కడిగినం. నువ్వు పాలతోని కడిగినవా?"

నలుగురు ఆడవాళ్ళు గుమిగూడి నవ్వారు. నేనూ నవ్వి, మెట్ల మీద కూర్చున్నాను. నవ్విన నోటితో అడిగితేనే మనుషులు చెబుతారని ఈ ఉద్యోగంలో నేర్చుకున్నాను.

"బొద్దింకలు, చీమలకు ఏం జేస్తరు మరి?"

"ఆఖరి బకెట్ల ఒక మూత పోస్తం గదక్కా."

"ఏం మూత?"

"పురుగుల మందు. విత్తనాల దుకాణంల అడిగితె నీళ్ళ సీసాల పోసిస్తడు. పత్తికి కొడ్తరు సూడు, గది. అంగట్ల దొరికే డబ్బాల మందుకు ఏం సావయి. గిది పోస్తె ఆర్నెల్లు చీమ కనవడది."

"ఆఖరి బకెట్లనే ఎందుకు?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "బోనంల బెల్లముంటది. ఒక్క చీమ ఎక్కినా అమ్మ ముడ్తదా? అన్ని నీళ్ళు అయినంక, ఆఖరి బకెట్ల కలిపి ఇల్లంత తుడిసి, వాకిట్లకు నూకుతం. మా అత్త గట్లనే జేస్తది. ఈ సందంత గట్లనే జేస్తరు."

ఇంటింటా అదే మాట. ఒక్క మూత. ఒక్క మూతే అక్కా. ఏ ఇంటికి ఆ ఇల్లు ఒక్క మూతే పోసింది. అన్నీ శనివారమే పోశాయి, అన్నీ వాకిట్లోంచి మోరిలోకే నెట్టాయి. ఆ సాయంత్రం వాన వచ్చి అదంతా ఊడ్చుకుని వాగులో పడేసింది. పైకి ఎదురెక్కుతున్న చేపలకు అది నేరుగా ఎదురొచ్చింది.

అమ్మ కోసం ఇల్లు కడిగారు. చెరువు కట్ట కాచే మైసమ్మ కోసం కడిగిన నీళ్ళు ఆ చెరువు చేపలనే పొట్టన పెట్టుకున్నాయి. ఇది తట్టాక కూడా సందు చివరి దాకా వెళ్ళాను.

సందు చివరి ఇంట్లో ఒక అత్త, ఒక కోడలు. అత్త కుర్చీలో కూర్చుని, "మా ఇంట్ల గట్లాంటియి వాడం" అని మొదటే చెప్పేసింది. కోడలు నీళ్ళిచ్చింది. తాగుతూ చూస్తే టీవీ పక్కన గుండ్రటి గాజు తొట్టి ఉంది. అడుగున రంగు రాళ్ళు, ఒక ప్లాస్టిక్ మొక్క. నీళ్ళు లేవు, చేపలూ లేవు. రాళ్ళు పొడిగా ఉన్నాయి. నేను తొట్టిని చూడటం ఆ అమ్మాయి చూసింది. గేటు దాకా వచ్చి, అత్తకు వినపడకుండా అడిగింది.

"కట్ట మీద కూసునుడు ఎన్ని గంటలకక్కా?"

"పది కొట్టంగనే. ఎందుకమ్మా?"

"ఊకనే."

బుధవారం చెరువు కట్ట మీది సంఘం రేకుల షెడ్డు నిండిపోయింది. చేపలవాళ్ళు ఒకవైపు, కాలనీ సంఘం తరఫున అధ్యక్షుడు, కొందరు ఆడవాళ్ళు ఇంకోవైపు. మా సారు కుర్చీలో. అన్న నా వెనక. ఆ తమ్ముడు నేల మీద, భార్య అతనికి ఆనుకుని. ఆమె ఆ రోజు చేపల తట్ట తేలేదు.

పెద్దమనిషి నన్ను మాట్లాడమన్నాడు. మోరి ఎక్కడ కలుస్తుందో, ఆఖరి బకెట్ సంగతేమిటో, వాన ఎప్పుడు పడిందో, నాకు వచ్చిన మాటల్లో చెప్పాను. ముగించక ముందే కాలనీ అధ్యక్షుడు లేచాడు.

"అంటే మేం ఇండ్లు శుభ్రం జేసుకున్నందుకు చేపలు సచ్చినయా? అమ్మ పేరు మీద కడిగిన నీళ్ళకా? దోమలక్కా, నువ్వు గూడ బోనమెత్తేదానివే గదా!"

షెడ్డంతా నవ్వు. అది నాకు సూదిలా దిగింది.

"ఒక్క మూతకు వాగు సస్తదా అక్కా?" అని పెద్దమనిషి అడిగాడు. ఆయన గొంతులో ఎగతాళి లేదు.

"ఒక్క ఇంటి మూతకు సావదు బాపు. ఊరందరి మూతలు ఒక్కపారి వస్తే సస్తది. మనుషులకు తెల్వనంత మందు గూడ చేపకు చాలు. మొప్పలతోని పీల్చుకుంటది."

"పరీక్ష కాయితముందా?"

సారు దగ్గాడు. లేదని చెప్పాను. సీసా కథ చెప్పలేదు.

"పోనీ, పోసినోళ్ళు ఒక్కరన్న చెప్పమను. ఒక్కరు."

నిన్న మెట్ల దగ్గర నవ్వి చెప్పినవాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఒకామె చంటిపిల్ల జుట్టు సర్దసాగింది. ఒకామె చెరువును చూసింది. వెనక అన్న నా చెవి దగ్గర గుసగుసలాడాడు. "అక్కా, మా ఇంట్ల గూడ పోసిన్రు. ఆఫీసుదే."

"లేచి చెప్పు మరి."

ఆయన తన చెప్పులు చూసుకున్నాడు. పాపం, నౌకరీ భయం. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. కానీ అంతలో ఆ తమ్ముడి భార్య ఏడుపు మొదలైంది. గట్టిగా కాదు. ముక్కు ఎగబీల్చుకోవడం ఒక్కటే వినపడుతోంది. పెద్దమనిషి కండువా సర్దుకున్నాడు. తీర్పు చెప్పే ముందు ఆయన అట్లాగే చేస్తాడు.

"నేను పోసిన."

సందు చివరి ఇంటి కోడలు. ఎప్పుడు వచ్చిందో, ఆడవాళ్ళ వెనక నిలబడి ఉంది. పక్కనే ఆమె అత్త కొంగు పట్టి గుంజుతోంది.

"ఏం మాట్లాడుతున్నవే? కూసో!"

"ఇడువు అత్తమ్మా. మా ఇంట్ల పోసింది నేనే. మూత గాదు, సగం సీసా పోసిన. దేవుని అర్ర తలుపుకు చెదలు వట్టినయని. ఇల్లంత తుడిసి మోరిల వడేసిన. గా పొద్దుమూకే మా పిల్ల గాజుతొట్టిల చేపలన్ని సచ్చినయ్. నీళ్ళల్ల నేనేం పొయ్యలే. తుడిసిన చెయ్యి కడుక్కోకుండనే తొట్టి అంచు వట్టి పక్కకు జరిపిన, అంతే. పిల్లకు సలికి సచ్చినయని చెప్పిన. అబద్ధం." అని ఊపిరి తీసుకుంది. "ఆదివారం వాగు సంగతి వినంగనే నాకు ఎర్కైంది. మూడు రోజులు నోరు మూసుకున్న. గా కింద కూసున్నాయనది ఏం తప్పు లేదు."

అధ్యక్షుడు ఏదో అనబోయాడు. పెద్దమనిషి చేయెత్తి ఆపాడు. కాసేపటికి ఒక ముసలామె, కూర్చున్న చోటి నుంచే, "మేం సుత పోసినం" అంది, ఎవరినో తిట్టినట్టు. ఇంకొకామె తలూపింది. తర్వాత ఎవరూ లెక్కపెట్టలేదు.

పెద్దమనిషి తమ్ముడి వైపు తిరిగి, "లే, పో. వల ఎండవెట్టుకో" అన్నాడు. క్షమాపణ అడగలేదు. ఆ ఊళ్ళో పెద్దమనుషుల నుంచి అంతకన్నా ఎక్కువ ఆశించకూడదు. దానికే నేను మైసమ్మకు అక్కడి నుంచే చేతులెత్తాను.

కథ ఇక్కడ ఆగితే నాకు నిద్ర పట్టేది. మా సారు ఒక ఆటోకు మైకు కట్టించి, ఇండ్లలో పొలం మందు వాడొద్దని కొన్నాళ్ళు చెప్పించాడు. విత్తనాల దుకాణం అతను కొన్నాళ్ళు సీసాలు లోపల పెట్టాడు. మరుసటి ఏడు బోనాల ముందు శనివారం ఆ సందుల్లో నడిస్తే వాసన తక్కువగానే ఉంది. అసలు లేదని మాత్రం అనలేను. నేను రిటైరయ్యాక కూడా ఆ శనివారం నా కాళ్ళు ఇంట్లో నిలవవు. వాగు దాకా వెళ్ళి నీళ్ళు చూసి వస్తాను.

ఆ అమ్మాయికి మాత్రం మంచి జరగలేదు. కాలనీ పేరు పాడు చేసిందన్నారు. అత్త చాన్నాళ్ళు మాట్లాడలేదట. ఆ ఏడు బతుకమ్మకు ఆమె చప్పట్లు కొడుతూ వరుసలోకి వస్తే, పక్కవాళ్ళు జరిగి ఖాళీ చేశారని ఊడ్చే అక్క చెప్పింది. ఆ తమ్ముడు ఒక రోజు తడి గోనెలో చుట్టిన కొర్రమట్ట పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. అత్త గేటు తీయలేదు. దారిలో నేను కనిపిస్తే, "నువ్వన్న ఇయ్యక్కా" అన్నాడు. నేనిచ్చినా ఆ గేటు తెరుచుకోదని ఇద్దరికీ తెలుసు. ఆ బతికున్న చేపను ఏం చేయాలో తెలియక కాసేపు రోడ్డు మీద నిలబడ్డాం. తర్వాత ఆ కోడలి కుటుంబం ఇల్లు ఖాళీ చేసి తుక్కుగూడ వైపు వెళ్ళిపోయింది. మళ్ళీ నేను ఆమెను చూడలేదు. ఆ రోజు ఆమెకు ఒక మంచి మాట కూడా చెప్పలేదు. షెడ్డులో అంతమంది మధ్య సందు దొరకలేదు.

ఇది చదివే పిల్లలూ, నన్ను మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నాకు పింఛను వస్తోంది, దేవుడి దయ ఉంది. మీరు మొక్కే దేవుడు ఎవరైనా సరే, గుడిలోనో చర్చిలోనో మీ ఇంట్లోనో చేతులు జోడించినప్పుడు ఆమెను ఒక్కసారి తలుచుకోండి. పేరు తెలియకపోయినా ఫికర్ లేదు. "మా ఇంట్ల పోసింది నేనే" అన్న ఆడబిడ్డ అని చెప్పండి. పైనున్నవాళ్ళకు ఎవరో తెలుస్తుంది.